కట్టని దారం

రాయప్ప ఉపదేశిని దాటకుండా మిషనుపాలెంలో ఎవరూ పాపసంకీర్తనానికి పోలేరు. స్వామి, అంటే ఫాదరు, గిద్దలూరులో ఉంటాడు, పాలెం గుడికి ఎప్పుడో ఒకసారి వస్తాడు. మిగతా రోజుల్లో గుడి తాళాలు, పిల్లలకు జపాలు నేర్పడం, ఊరి మంచి చెడ్డా అన్నీ రాయప్పవే. స్వామి వచ్చిన రోజున గుడిలో పీఠానికి ఎడమపక్క ఒక కుర్చీ వేసి, దానికి అడ్డంగా వెదురు తడిక నిలబెడతారు. ఎవరి పాపాలు వాళ్ళు ఆ తడిక దగ్గర మోకరించి స్వామి చెవిలో వేసి రావాలి. అయితే పాపాలకు ముందు చెప్పే మాటలను వరండాలో పీట మీద కూర్చున్న రాయప్పకు అప్పజెప్పాకే లోపలికి అడుగు పెట్టాలి.

'స్వామీ, నన్ను ఆశీర్వదించండి. నేను పాపాత్మురాలను. కడపటిసారి సంకీర్తనము చేసుకొని ఇంత కాలమైనది.' ఇదీ మొదలు. పాపాలతో రాయప్పకు పని లేదు. "పాపాలు మీవి, మొదలు నాది," అంటాడు. రాచర్ల చుట్టుపక్కల ఏ పాలెంలోనూ ఇంత శుభ్రంగా మొదలుపెట్టేవాళ్ళను చూడలేదని స్వామి ఒకసారి మాటవరసకు అన్నాడు. ఆ మెప్పు రాయప్ప తలకెక్కి మళ్ళీ దిగలేదు.

ఈస్టరు దాటాక వచ్చిన మూడో శనివారం మధ్యాహ్నం ఆ పీట ముందుకు సువార్తమ్మ వచ్చి నిలబడింది.

"చెప్పు," అన్నాడు రాయప్ప.

"ఏంది చెప్పేది?"

"మొదలు."

"మొదలు నాకొచ్చు మామా. పెండ్లయి ఈ గుళ్ళో కాలు పెట్టినకాడ్నుంచి చెప్తానే ఉండా. మొదలు తర్వాత ఏం చెప్పాలనో అది చెప్పు. నా పాపం కూడా నువ్వే తయారుచేసి పెట్టినావు గదా?"

వరండాలో వంతు కోసం కూర్చున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రాయప్ప వాళ్ళవైపు ఒకసారి ఉరిమి చూసి, గొంతు తగ్గించాడు.

"ఎగతాళి వద్దమ్మే. బిడ్డ మొగం చూసైనా ఒప్పుకో. 'దారం నేనే కట్టినా, తప్పయింది' అంటే అయిపోతది. స్వామి ఏమన్నా కొడతాడా నిన్ను?"

బిడ్డ మాట ఎత్తగానే సువార్తమ్మకు మంట ఎగదన్నింది. మొదలు గబగబా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పేసి, చెప్పులు విడిచి లోపలికి పోయింది.

ఆ మంట నాలుగు నెలల కిందటిది.

కంది కోతల రోజుల్లో ఆమె, ఆమె పెనిమిటి ఇన్నయ్య, కొమరోలు వైపు కోతకు పోయారు. ఇంట్లో అత్త తెరేజమ్మ, ఎనిమిదేళ్ళ కూతురు అగ్నేసు ఉన్నారు. పోయిన మర్నాడే పిల్లకు జ్వరం తగిలింది. పొలం దగ్గరికి కబురు అందేసరికి అది విషజ్వరంగా ముదిరింది. పరుగున వచ్చి చూస్తే పిల్ల ఒళ్ళు పెనం మాదిరి ఉంది, ఎడమ చేతికి పసుపు కొమ్ముతో నల్లదారం కట్టి ఉంది. పశువులకూ పసిపిల్లలకూ మంత్రించిన దారం కట్టే చెంచయ్య రాచర్ల రోడ్డు పక్కన గుడిసె వేసుకుని ఉంటాడు. తెరేజమ్మ మనవరాలిని చంకన వేసుకుని అక్కడికి పోయి వచ్చింది.

"బిడ్డ కళ్ళు తేలేస్తాంటే ఏం చెయ్యమంటావే?" అంది అత్త. అంతకుమించి చెప్పలేదు, కోడలు కూడా అడగలేదు. జ్వరం దిగాక తీసేద్దామని ఇన్నయ్య అన్నాడు. జ్వరం పూర్తిగా దిగేదాకా దారం చేతికే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున రాయప్ప తన సైకిలు తెచ్చాడు. కొత్త రాష్ట్రం వచ్చి మూడేళ్ళయినా పాలెం దారికి గంపెడు కంకర పడలేదు. ఆ గుంటల్లో బండి కుదుపుకు పిల్ల తట్టుకోలేదని, వెనక సీటు మీద దుప్పటి పరచి, పిల్లను కూర్చోబెట్టి, తన పైబట్టతో నడుముకు కట్టుకుని, తొక్కకుండా గిద్దలూరు దాకా నడిపించుకుంటూ పోయాడు. సువార్తమ్మ వెనక నడిచింది. ఆస్పత్రిలో సూది వెయ్యడానికి డాక్టరు చొక్కా చెయ్యి పైకి మడిచినప్పుడు రాయప్ప ఆ దారం చూశాడు. బజారుకు పోయి రొట్టె కొనుక్కొచ్చి, పాలలో తడిపి, పిల్ల నోట్లో తనే పెట్టాడు.

అందుకే ఆయన మీద కోపం తెచ్చుకోవడం సువార్తమ్మకు అంత తేలికగా కుదరలేదు. తెచ్చుకున్నాక దింపుకోవడం ఇంకా కష్టమైంది.

ఈస్టరు పండుగ అయ్యాక, తొలి సత్ప్రసాదం, అంటే పూజలో స్వామి నాలుక మీద పెట్టే అప్పం, తీసుకునే పిల్లలకు రాయప్ప రోజూ సాయంత్రం వరుసలో నిలబడడం, నాలుక చాపడం నేర్పుతున్నాడు. ఒకరోజు అగ్నేసు ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చింది. "ఉపదేశి తాత నన్ను వరసలోనుంచి తీసేసినాడు. మీ అమ్మ దారం సంగతి స్వామికి చెప్పుకున్నాకనే రా పో అన్నాడు."

దారం ఎవరు కట్టించారో రాయప్ప ఎవరినీ అడగలేదు. అడగాల్సిన పని ఆయనకు కనపడలేదు. తెరేజమ్మ పుట్టుకతో ఆర్.సి., రోమన్ కతోలిక మనిషి, జపమాల చేతిలో లేకుండా నిద్రపోదు. సువార్తమ్మ మార్కాపురం అవతలి పల్లెలో బాప్టిస్టుల ఇంట పుట్టింది. సగం నేర్చిన మనిషి. ఇక వేరే ఎవరు కడతారు?

ఆ లెక్క విన్నప్పుడు సువార్తమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమె తండ్రి ఏబేలు సంఘపెద్ద. క్రిస్మసు కార్డు మీద దేవదూత బొమ్మ ఉందని, గోడకు అంటించనివ్వకుండా పొయ్యిలో పెట్టిన మనిషి. గుళ్ళో ఇన్ని బొమ్మలు పెట్టుకుని, ఒంటి నిండా మెడపతకాలు వేసుకునేవాళ్ళు, దారం కట్టిందని ఏబేలు కూతురి మీద వేలు చూపిస్తారా?

"పోనీలేవే," అన్నాడు ఇన్నయ్య ఆ సాయంత్రం. దొడ్లో మేకకు ఆకు వేస్తూ, లోపల మంచం మీద ఉన్న తల్లికి వినపడకుండా మాట్లాడుతున్నాడు. "నువ్వే కట్టినావని చెప్పుకో. ఏం పోతది? చెవిలో చెప్పేదే గదా. స్వామి ఎవురికి చెప్తాడు?"

"దేవుని ముందర మోకాళ్ళ మీద కూచోని అబద్ధం చెప్పమంటావు."

"అబద్ధం అంటే... మా అమ్మ ముసిలిది సువార్తా. ఆ పేరు బయటికొస్తే రాయప్ప మామ వదుల్తాడా? రేపు ఏదన్నా అయితే ఆర్.సి. సమాధుల దొడ్లో మా నాయన పక్కన గుంట తియ్యనిస్తాడా? మంచమెక్కినప్పుడల్లా అదే దిగులు ఆమెకు."

"ఆమె దిగులు కనపడింది. నా బిడ్డ ఏడుపు కనపడలా?"

"అందుకే చెప్తాండా. నువ్వొక్క మాట అంటే ముసల్దీ బాగుంటది, బిడ్డా బాగుంటది."

"నేను?"

ఇన్నయ్య మేక వైపు చూశాడు.

"మా సంఘంలో అయితే ఇట్ల కాదు," అంది సువార్తమ్మ. "బల్ల ఆరాధనలో రొట్టె విరిచే ముందు తప్పు చేసినోళ్ళు అందరి ముందర లేసి నిలబడి చెప్పాల. పెద్దలు అడగాల్సింది అడుగుతారు. అంతా కలిసి పాట పాడతారు. ఇంక దాని తర్వాత ఆ మాట ఎత్తినోడిదే తప్పు."

"అందరి ముందరా? సిగ్గులేదా మీవాళ్ళకు?"

"సిగ్గు ఉంటది, ఆ నిలబడినంతసేపు. మీది చూడు, చెప్పుకున్నోళ్ళు ఎవురో, మోసేటోళ్ళు ఎవురో."

ఇన్నయ్యకు ఆ మాట అర్థం కాలేదు. నిజానికి ఆమెకు కూడా అప్పటికి పూర్తిగా అర్థం కాలేదు.

గిద్దలూరులో కొన్న మల్లుగుడ్డతో తెల్లగౌను చేత్తోనే కుట్టి పెట్టింది సువార్తమ్మ. అగ్నేసు దాన్ని పెట్టెలోంచి తీసి, ఒంటికి ఆనించి చూసుకుని, మళ్ళీ మడిచి పెట్టేది. ఆదివారం తొలి సత్ప్రసాదం అనగా శుక్రవారం నాడు మడిచి పెడుతూ, "వచ్చే ఏడాదికి ఇది నాకు పట్టదేమో గదమ్మా," అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే సువార్తమ్మ ఇంకొన్నాళ్ళు మొండికేసేదే. ఆ మాట విన్నాక, అబద్ధమో నిజమో, శనివారం చెప్పేసి వద్దామని గట్టిగా అనుకుంది.

గుళ్ళో ఎండవేడికి తాటాకు కప్పు చిటపటమంటోంది. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు చాపల మీద కూర్చుని ఎవరి జపం వాళ్ళు గొణుక్కుంటున్నారు. ఆడవాళ్ళలో ముందుగా, గోడకు ఆనుకుని తెరేజమ్మ ఉంది. తడిక అవతలినుంచి విసనకర్ర చప్పుడు వినిపిస్తోంది. స్వామి గుంటూరు జిల్లా మనిషి, లావు మనిషి. ఎండకు ఆగలేడు.

సువార్తమ్మ మోకరించింది.

"స్వామీ, నన్ను ఆశీర్వదించండి. నేను పాపాత్మురాలను. కడపటిసారి సంకీర్తనము చేసుకొని... క్రిస్మసుకు చేసుకున్నా."

"ఆఁ. చెప్పమ్మా."

"నా బిడ్డ చేతికి దారం..."

తర్వాతి మాట నోట్లో ఉంది. చిన్న మాట. అది అనేస్తే ఇంటికి పోవచ్చు.

"స్వామీ, చెయ్యని పాపం చెప్పుకుంటే క్షమిస్తారా?"

విసనకర్ర ఆగిపోయింది.

"చెయ్యనిదానికి క్షమించేది ఏముంటుందమ్మా? చేసింది చెప్పు."

"చెయ్యలేదంటే నా బిడ్డను వరసలో నిలబెట్టరంట."

"ఎవరన్నారు?"

"మీ ఉపదేశి. దారం నేనే కట్టినానంట. నేను కట్టలే స్వామీ. కట్టింది ఎవురో..."

"వద్దు!" అన్నాడు స్వామి, అంత పెద్ద మనిషి ఉలిక్కిపడినట్టుగా. "ఆ పేరు చెప్పకు. ఇక్కడ ఇంకొకరి సంగతి వద్దు. నీది ఏదుందో అది చెప్పు."

ఆ తొందర చూసి సువార్తమ్మకు ఒళ్ళు మండిపోయింది. తన మీద పడ్డది వద్దనే హక్కు కూడా లేదన్నమాట. ఉపదేశి వినడు, మొగుడు వినడు, పిలిచి కూర్చోబెట్టిన స్వామి కూడా వినడు.

"నాదేముంది స్వామీ?" అంది. అంటూండగానే ఉన్నదేదో ఆమెకు కనపడింది. ఇన్నాళ్ళూ అత్త మీద, రాయప్ప మీద కోపంతో దాన్ని చూడకుండా నెట్టుకొచ్చింది. "నాదీ ఉంది. చెప్తా వినండి. ఆ దారం చూసి బ్లేడు చేతికి తీసుకున్నా. ఏబేలు బిడ్డను నేను. దారంలో ఏముంది అని పదిమందికి చెప్పేదాన్ని. తెంచితే బిడ్డ పోతదేమోనని పక్కన పెట్టేసినా. మా ఆయన ఉండనియ్యి అంటే, హమ్మయ్య అనుకున్నా. దేవున్ని నమ్మలే నేను ఆ పూట, దారాన్ని నమ్మినా. అది నాది. ఎన్నిసార్లన్నా చెప్తా. కట్టింది మాత్రం నేను కాదు!"

చివరి మాటకు గొంతు గుడి కప్పుకు తగిలింది. సంఘంలో మైకు లేకుండా పాడడం నేర్చిన గొంతు అది. గొణుగుళ్ళన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. సువార్తమ్మ లేచి నిలబడింది. లేవాలని అనుకోలేదు, పుట్టింటి అలవాటు మోకాళ్ళను లేపేసింది. జనంవైపు తిరిగింది.

"అమ్మా, నెమ్మది," అంటున్నాడు తడిక అవతల స్వామి. "నెమ్మది, తల్లీ."

వరండాలోంచి రాయప్ప పరిగెత్తుకొచ్చాడు. "అమ్మే! నీకేమన్నా మతి పోయిందా? సంకీర్తనంలో అరుస్తారా ఎవురన్నా? ఇది మీ బాప్టిస్టు మీటింగు అనుకున్నావా?"

"అనుకున్నా! మీటింగే అయితే నన్ను నిలబెట్టి ముందు అడిగేటోళ్ళు. నువ్వు అడిగినావా మామా? ఒక్కసారన్నా, దారం ఎవురు కట్టినారమ్మే అని అడిగినావా?"

"అడిగేదేంది, చూస్తే తెలీదా?"

"నా బిడ్డను నీ నడుముకు కట్టుకొని గిద్దలూరు దాకా నడిచినావు. సచ్చేదాకా ఆ మాట మరవను నేను. అట్లని నా మీద ఏ పాపం పడితే ఆ పాపం వేస్తావా? దానికీ దీనికీ చెల్లు చేస్తావా?"

రాయప్ప మొహం ఎర్రబడింది. "సరే, నువ్వు కాదు. మరెవురు? దారం ఆకాశంలోనుంచి దిగొచ్చి కట్టుకుందా బిడ్డ చేతికి?"

గుడి అంతా ఆమె నోటివైపు చూసింది. మగవాళ్ళ వైపు కూర్చున్న ఇన్నయ్య తల దించుకున్నాడు. ఒక్క పేరు చెబితే చాలు, అన్నీ తేలిపోతాయి. సువార్తమ్మ కళ్ళు ముసల్దాని వైపు పోయి, అంతలోనే తిప్పుకున్నాయి. పెదవులు బిగించింది. బిగించినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

చాప మీద చెయ్యి ఊని, గోడ పట్టుకుని, తెరేజమ్మ లేచింది.

"నేను కట్టించినా రాయప్పా," అంది. జీవితంలో గుళ్ళో పెద్దగా మాట్లాడి ఎరగదు. ఆ గొంతు పక్క వరుసకే వినపడింది. అక్కడివాళ్ళు వెనకవాళ్ళకు చెప్పారు.

"ఏందత్తా?" అన్నాడు రాయప్ప నమ్మలేక.

"చెంచయ్య దగ్గరికి నేనే ఎత్తకపోయినా. అప్పుడే స్వామికి చెప్పుకున్నా గదా, ఈస్టరు ముందర, మ్రానికొమ్మల ఆదివారం రాకముందే వచ్చినప్పుడు. జపాలు చెప్పమన్నాడు, చెప్పినా. అయిపోయిందనుకున్నా." ఆమె తడిక వైపు చెయ్యి చూపించింది. "అడుగు స్వామిని."

స్వామి తడిక పక్కనుంచి బయటికి వచ్చి నిలబడి ఉన్నాడు. మెడలోని ఊదారంగు పట్టీ చెమటకు తడిసింది. అందరూ ఆయనవైపు చూశారు. ఆయన అవుననలేదు, కాదనలేదు, తల కూడా కదపలేదు.

"నన్నేమీ అడగొద్దు," అన్నాడు.

అప్పుడు తెలిసింది సువార్తమ్మకు. ఆ విసనకర్ర ఎందుకు ఆగిందో, ఆ పేరు చెప్పకు అని ఎందుకంత ఉలిక్కిపడ్డాడో. ఈ మనిషికి అంతా తెలుసు. తెలిసీ కుట్టేసిన నోటితో కూర్చున్నాడు. విన్నది విననట్టు బతకాలనేది వాళ్ళ కట్టుబాటు అని ఆమెకు తెలియకపోలేదు. తెలిసినంత మాత్రాన కోపం ఆగుతుందా?

ఆమె అత్తవైపు తిరిగింది.

"నీకు అయిపోయింది అత్తా. నాకో? నువ్వు చెవిలో చెప్పి కడిగేసుకున్నావు. ఆ నీళ్ళన్నీ నా మీద పడినాయి. ఇన్ని దినాలు వీధిలో నన్నంటాంటే విన్నావు. బిడ్డ ఏడుస్తాంటే విన్నావు. జపమాల తిప్పుకుంటా కూచున్నావు."

తెరేజమ్మ చేతిలోని జపమాలను కొంగులో ముడివేసింది.

"రాయప్పా," అన్నాడు స్వామి. "రేపు ఆ పాప ముందు వరుసలో ఉండాలి."

"స్వామీ, మరి..."

"పెద్దవాళ్ళ తప్పుకు పిల్లను ఆపమని నేను చెప్పానా నీకు?"

"లేదు స్వామీ."

"నన్ను అడిగావా?"

"లేదు."

"అయితే వెళ్ళి పిల్లకు కొవ్వొత్తి చూడు." స్వామి సువార్తమ్మ వైపు తిరిగాడు. "రా అమ్మా. ముగించుకుని వెళ్ళు."

"నేను రాను," అంది సువార్తమ్మ. చెప్పులు చేత్తో పట్టుకుని, ఎండలో వట్టి కాళ్ళతో ఇంటికి పోయింది.

ఆ సాయంత్రం సంగటి కెలికి, అత్త గిన్నె ఆమె మంచం ముందు పెట్టింది సువార్తమ్మ. పెట్టిన చప్పుడుకు మేక కూడా తల ఎత్తింది. అయినా ముద్ద మెత్తగానే ఉంది, ముసల్దానికి పళ్ళు లేవని ఎప్పటిలాగానే నెయ్యి కాస్త ఎక్కువే పడింది.

పొద్దు వాలుతుండగా వాకిట్లో దగ్గు వినపడింది. రాయప్ప. చేతిలో కొవ్వొత్తి, తెల్లకాగితం పూలతో చేసిన కిరీటం.

"బిడ్డకు," అన్నాడు.

సువార్తమ్మ అందుకుంది. ఆయన పోలేదు.

"నువ్వు బాప్టిస్టోళ్ళ బిడ్డవని నేను..."

"ఏంది? బాప్టిస్టోళ్ళ బిడ్డనైతే?"

"ఏం లేదులే." కాసేపు గడ్డం గోక్కున్నాడు. "మొదలు మాత్రం బ్రహ్మాండంగా చెప్పినావమ్మే. ఊళ్ళో ఎవురూ అంత స్పష్టంగా చెప్పరు."

"పో మామా, నా నోరు తెరిపించొద్దు."

ఇన్నయ్య నసుగుతూ వెనకే వాకిలి దాకా పోయాడు. "మామా, మా అమ్మకు... రేపు దొడ్లో మా నాయన పక్కన..."

"ముందు ఆమెను బతకనీరా," అన్నాడు రాయప్ప విసుగ్గా. "నువ్వేమో ఇప్పట్నుంచే గుంట తవ్వుతాండావు."

ఆదివారం పొద్దున పూజకు ముందు స్వామి మళ్ళీ తడిక వెనక కూర్చున్నాడు. నిన్న మిగిలిపోయినవాళ్ళు ఒక్కొక్కరే పోయి వస్తున్నారు. ముందు వరుసలో తెల్లగౌన్ల పిల్లల మధ్య అగ్నేసు ఉంది. కిరీటం ఒక చెవి మీదికి జారింది. చెయ్యి ఎత్తితే ఉపదేశి తాత కోప్పడతాడని తలనే ఇటూ అటూ వంచి దాన్ని సరిచేసుకోవాలని చూస్తోంది. రాయప్పే వంగి సర్ది, ఎవరన్నా చూశారేమోనని వెనక్కి చూశాడు.

సువార్తమ్మ గోడ పక్కన కూర్చుంది. ఆమె సత్ప్రసాదానికి లేవకూడదు, సంకీర్తనం సగంలో వదిలేసి వచ్చింది. లేవాలని కూడా లేదు. బిడ్డ వరుసలో ఉంది, చాలు. పక్కన తెరేజమ్మ కూర్చుని ఉంది, చేతిలో జపమాల లేదు.

"అత్తా, ముందరికి పో. సత్ప్రసాదం తీసుకునేటోళ్ళంతా అక్కడ కూచున్నారు."

"నేను పోను."

"ఏం? నీకేం అడ్డం? నువ్వు కడుక్కున్నావు గదా."

"నువ్విక్కడ కూచోనుంటే," అంది తెరేజమ్మ, కోడలి మొహం చూడకుండా, "నేను ఏ మొగం పెట్టుకొని పోయి నోరు తెరిచేది?"

సువార్తమ్మకు దీనిమీద కూడా కోపం తెచ్చుకోవాలనిపించింది. అరవై ఏళ్ళుగా ఒక్క పూజ మానని మనిషి, మనవరాలి పక్కన సత్ప్రసాదం తీసుకోవాలని పండుగనుంచి ఎదురుచూసిన మనిషి. ఇప్పుడు గోడకు ఆనుకుని, చాప మీద పుల్ల గీకుతూ కూర్చుంది. క్షమించమని అడగడం ఆమెకు రాదు. తడిక లేకుండా మనిషికి మనిషి ఎట్లా చెప్పుకోవాలో ఎవరూ నేర్పలేదు. ఇట్లా కూర్చోవడం ఒక్కటే తెలిసింది.

"అయితే ఏంది? బిడ్డ తొలిసారి తీసుకుంటా వెనక్కి చూస్తే, తల్లీ నాయనమ్మా ఇద్దరూ ఇక్కడ రెండు దిమ్మెల మాదిరి కనపడాల్నా?"

"నువ్వు లేస్తే నేను లేస్తా."

"బెదిరిస్తాండావా నన్ను?"

సువార్తమ్మ పళ్ళు కొరికి, కొంగు నడుముకు దోపి లేచింది. తడిక పక్కన నిలబడ్డ రాయప్ప ఆమె రావడం చూసి, నోరు తెరవబోయి, మూసుకుని, పక్కకు జరిగాడు.

మోకరించింది. విసనకర్ర చప్పుడు వినపడుతోంది.

"స్వామీ, నన్ను ఆశీర్వదించండి. నేను పాపా..."

"మొదలు నిన్ననే చెప్పావమ్మా," అన్నాడు స్వామి మెల్లగా. "దారం సంగతి కూడా నాకు ముట్టింది. మిగతాది చెప్పు."

సువార్తమ్మ వెదురు సందుల్లోంచి లోపలికి చూసింది. ఆ లావు చెవి తప్ప ఏమీ కనపడలేదు.

"కోపం, స్వామీ," అంది. "మా అత్త మీద కోపం. ఆమె పక్కన కూచున్నా కోపమే, కూచోకపోయినా కోపమే. మా ఆయన మీద కోపం. రాయప్ప మామ మీద కోపం." తడికకు ఇంకా దగ్గరగా వంగింది. "మీ మీద కూడా."

అవతల కుర్చీ కిర్రుమంది.

"ఊఁ," అన్నాడు స్వామి. "ఇంకా?"